పెళ్లికూతుళ్ల బల్ల

సరస్సు మీద మంచు పగిలిన వారంలో హెన్నింగ్ నన్ను మొదటిసారి తన ఫుట్‌బాల్ మైదానానికి తీసుకెళ్లాడు. మాకు పెళ్లయి రెండు నెలలు. ఆ రోజుల్లో నాకు కనబడినదల్లా ముద్దొచ్చేది. మూతబడిన సహకార దుకాణం పైన మేం అద్దెకు తీసుకున్న రెండు గదులూ, ఒకదానితో ఒకటి పొసగని మా రెండు కాఫీ కప్పులూ, గది వేడిచేసే రేడియేటర్ మీద ఆరుతూ ఎవరినో ఆశీర్వదిస్తున్నట్టు వేళ్లు చాపుకుని ఉండే అతని గోల్‌కీపర్ తొడుగులూ, అన్నీ. ఉడికిన గుడ్డు నెత్తిన చెంచాతో టక్కున కొట్టి, పెంకు ఊడదీసి మొగుడి ముందు పెట్టడంలో ఇంత సంతోషం ఉంటుందని ఉప్సాలాలో చరిత్ర చదివినన్నాళ్లూ ఏ ప్రొఫెసరూ నాకు చెప్పలేదు.

టాల్‌ఫోర్స్ క్లబ్బు ఆరో డివిజన్‌లో ఆడుతుంది. దాని కింద ఇంకో డివిజన్ ఉంది గానీ, దాని మాట వస్తే మా ఊళ్లో అందరూ గొంతు తగ్గిస్తారు.

మైదానానికి ఒక పక్క కలప కోతమిల్లు, ఒక పక్క సరస్సు. గోలు ముందు ఇంకా మురికి మంచు కుప్పగా ఉంది. గేటు దాటగానే హెన్నింగ్ నా చెయ్యి వదిలేసి నేరుగా గోలు దగ్గరికి నడిచాడు. ఒక స్తంభాన్ని అరచేత్తో నిమిరాడు. రెండోదాన్నీ నిమిరాడు. ఎగిరి పైకమ్మిని తట్టాడు. చలికాలమంతా ఎలా గడిపావని గుర్రాన్ని అడుగుతున్నట్టుంది వాలకం. పెళ్లిరోజు నన్నయినా అంత శ్రద్ధగా తాకలేదు. ఆ విధంగా, కాపురానికొచ్చాక నా మొదటి అసూయ ఇనప గొట్టాల మీద పుట్టింది. నవ్వుకున్నాను. అప్పటికింకా నవ్వుకోగలిగాను.

మైదానం మూల కాఫీ కొట్టు తలుపు తెరిచి ఉంది. లోపల హెన్నింగ్ మేనత్త మైవోర్ నేల కడుగుతోంది. మా పెళ్లిలో కేకు పొడిబారిందని నాతోనే చెప్పిన మనిషి.

"రా అమ్మాయ్. పెళ్లినాటి బూట్లు ఉన్నాయా, పారేశావా?"

"ఉన్నాయత్తా. ఎందుకు?"

"ఎందుకేంటి? మేలో మన మైదానంలో మొదటి మ్యాచ్‌కి బంతి తన్నాల్సింది నువ్వేగా! వీడు చెప్పలేదా?"

వీడు రెండో గోలు స్తంభాలను పలకరించడానికి వెళ్లిపోయాడు.

మైవోర్ అత్త తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుని నాకు సంగతి చెప్పింది. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఆటగాళ్లెవరూ ఆటల కాలంలో పెళ్లి చేసుకోరు. చలికాలంలో చేసుకుంటారు. వసంతంలో మొదటి మ్యాచ్‌కి కొత్త పెళ్లికూతురు పెళ్లి బూట్లతోనే బంతిని మొదటగా తన్నుతుంది. ఆ తర్వాత ఇద్దరి పేర్లూ బల్ల మీద రాస్తారు.

"ఏ బల్ల?"

"చరిత్ర చదివావటగా. అదిగో, మా చరిత్ర. పోయి చదువుకో."

మైదానం వెంబడి, తెల్లబెరడు చెట్ల కింద, పొడవాటి ఆకుపచ్చ బల్ల ఉంది. దాని వీపున్న ప్రతి చెక్క మీదా తెల్లరంగుతో ఒక జంట పేరు. నేను గాల్లో తేలిపోతూ అటు పరిగెత్తాను. గున్నార్, ఎల్సా. రూనె, ఇంగెగేర్డ్. క్లబ్బు మూడో డివిజన్‌కి ఎక్కిన ఏడాది పెళ్లాడిన జంట పేరు పక్కన చిన్న కిరీటం బొమ్మ. ఇంకో చెక్క మీద మొగుడి పేరు మేకుతో గీకేసి ఉంది, పెళ్లాం పేరు మాత్రం చక్కగా ఉంది.

"ఈయన భార్యను వదిలేశాడా తాతా?" అని అడిగాను. బల్ల పక్కన కంచె బాగుచేస్తున్న ముసలాయనకు మా పెళ్లిలోనే హెన్నింగ్ నన్ను పరిచయం చేశాడు. మైదానం చూసుకునే ఫోల్కె తాత.

"వదల్లేదు. చచ్చేదాకా కలిసే ఉన్నారు. సరస్సు అవతల నోర్‌సేలె జట్టుకి ఒక ఏడాది ఆడాడు వెధవ."

నా కడుపు నొప్పెట్టేదాకా నవ్వాను. ఒక్కో పేరూ చదువుతూ, వేలితో తడుముతూ బల్ల ఆ చివరికి వెళ్లాను. చిట్టచివర ఒక చెక్క ఖాళీగా ఉంది. దాని పక్క చెక్క మీద గళ్ల దుప్పటి మడిచి వేలాడదీశారు.

"అమ్మాయ్, అది ముట్టుకోకు!" అని కొట్టులోంచి మైవోర్ అత్త కేకేసింది.

కానీ చరిత్ర విద్యార్థి చెయ్యి ఆగుతుందా? ఎత్తేశాను.

హెన్నింగ్, ఇల్వా.

కంచె దగ్గర సుత్తి చప్పుడు ఆగిపోయింది. సరస్సు మీద మంచుపలకలు ఒకదాన్నొకటి రాసుకుంటున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"ఇల్వా ఎవరు?" అన్నాను.

"నేనే," అంది నా వెనక ఒక గొంతు.

భుజాన బంతుల వల వేసుకుని, కొంచెం కుంటుతూ ఒకామె వచ్చి నిలబడింది. పొట్టి జుట్టు, పొడవాటి కాళ్లు. నాకంటే జానెడు ఎత్తు. "నువ్వు తూవావి కదా? నేను జట్టు కోచ్‌ని," అని చెయ్యి చాపింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఒళ్లు మండిపోయింది నాకు.

*

తప్పు ఫోల్కె తాతది. మామూలుగా పేర్లు రాయాల్సింది మేలో. కానీ మా వైపు ఏప్రిల్, మే నెలల్లో రంగు ఆరదు, తేమకి జిడ్డుగా ఉండిపోతుంది. అందుకని తాత నిశ్చితార్థం మాట చెవిన పడగానే, ముందు సెప్టెంబరులోనే ఎండ చూసుకుని రాసేసేవాడు. ఎవరి పెళ్లీ తప్పిపోలేదు, అందుకే ఎవరూ అడ్డు చెప్పలేదు. నాలుగేళ్ల కింద హెన్నింగ్, ఇల్వాల పేర్లూ అలాగే రాశాడు. జనవరిలో ఇల్వాకి దక్షిణాన ఒక పెద్ద మహిళా జట్టు నుంచి పిలుపొచ్చింది. ఆమె వెళ్లిపోయింది. పెళ్లి ఆగిపోయింది. రంగు మాత్రం బాగా ఆరింది.

"మరి చెరిపేయొచ్చుగా?" అన్నాను ఇంటికొచ్చాక.

హెన్నింగ్ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ తలెత్తలేదు. "సర్వసభ్య సమావేశం తీర్మానం ఉండాలి."

"సమావేశంలో అడగలేదా?"

"ప్రతి నవంబరులోనూ అడుగుతారు. ప్రతి నవంబరులోనూ వాయిదా వేస్తారు. ఈలోగా తాత్కాలిక ఏర్పాటు కింద దుప్పటి కప్పమన్నారు."

"దుప్పటికి తీర్మానం ఉందా?"

"ఉంది. ఏకగ్రీవం."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పోనీ, అదలా ఉంచి నా పేరు పక్క చెక్క మీద రాస్తారుగా?"

అతను చెక్కు తీయడం ఆపాడు. "ఒక మనిషికి ఒకే చెక్క, తూవా. పూర్వం ఎడమ పక్క ఆడే ఒకాయన ఉండేవాడు. మూడు పెళ్లిళ్లు చేసుకుని మూడు చెక్కలడిగాడు. అప్పుడు పెట్టిన రూలు. అయినా చెక్కదేముంది? నా పెళ్లాం నా వంటింట్లో ఉంది."

"నీకేం. నీ పేరు ఉంది."

ఆ రాత్రి మంచం మీద అతను ఎప్పట్లాగే నా మెడ కింద చెయ్యి పెట్టి నిమిషంలో నిద్రపోయాడు. నేను కళ్లు మూసుకుంటే చాలు, ఆకుపచ్చ మీద తెల్లటి ఇల్వా. ఆ అక్షరాలు కూడా ఎంత పొందికగా ఉన్నాయో.

*

మేలో బంతి తన్నే రోజుకి నేను తయారు కావాల్సినంతా తయారయ్యాను. హాల్లో చుట్టచుట్టిన మేజోళ్లను తన్ని తన్ని ఒక పూలకుండీ కూడా పగలగొట్టాను. తెల్ల బూట్లకి పాలిష్ పెట్టాను. ఆదివారం మైదానం చుట్టూ ఊరంతా నిలబడింది. చెట్లకి ఎలుక చెవులంత ఆకులొచ్చాయి. మైవోర్ అత్త కొట్టులోంచి కాఫీ, కాల్చిన సాసేజిల వాసన వస్తుంటే, మధ్యగీత మీద నిలబడి లోకమంతా నా పెళ్లికే వచ్చిందనుకున్నాను.

బంతి తెచ్చి నా ముందు పెట్టింది ఇల్వా.

వంగి, నాకు మాత్రమే వినబడేలా అంది: "మొనతో తన్నకు. బూటు వదులుగా ఉంది, ఊడిపోతుంది. పాదం పక్కతో మెల్లగా తోసెయ్."

ఇంకెవరు చెప్పినా వినేదాన్ని.

వెనక్కి వెళ్లి, గౌను కాస్త ఎత్తి పట్టుకుని, పరిగెత్తుకొచ్చి మొనతో తన్నాను. బంతి మూరెడు దూరం దొర్లింది. బూటు మాత్రం గాల్లోకి లేచి, పల్టీలు కొట్టి, రిఫరీ భుజానికి తగిలి పడింది.

ఊరు ఊరంతా ఒక్కసారి ఘొల్లుమంది. "గోలు!" అని అరిచాడెవడో. "పసుపు కార్డు ఇవ్వండయ్యా!" అన్నాడింకొకడు. హెన్నింగ్ గోలు స్తంభాన్ని పట్టుకుని వంగి వంగి నవ్వుతున్నాడు. నేనూ నవ్వేదాన్నే. కానీ పచ్చగడ్డి మీద ఒంటి మేజోడుతో నిలబడ్డ నా దగ్గరికి బూటు తెచ్చిచ్చింది మళ్లీ ఆమే. నవ్వకుండా తెచ్చిచ్చింది. అది మరీ కష్టంగా ఉంది.

మ్యాచ్ ఓడిపోయాం. ఫోల్కె తాత నా పక్కన కూర్చుని ఓదార్చాడు. "బాధపడకమ్మా. గున్నార్ పెళ్లాం ఎల్సా బంతినసలు తగలనే లేదు. ఆ ఏడాదే పైకెక్కాం."

"నా పేరు రాస్తావా తాతా?"

తాత కర్ర నేలకి ఆన్చాడు. "రాయాలనే ఉంది. కానీ రాయనిస్తారో లేదో. ఈ ఏడాదితో ఈ బల్ల అయిపోతుందంటున్నారు తెలుసా? పదకొండు మందిని కూడగట్టలేకపోతున్నాం. నోర్‌సేలెతో కలిపేస్తారట. కొత్త క్లబ్బుకి కొత్త పేరు, కొత్త జెర్సీ. బల్ల మీద ఇంకో పేరు ఎక్కదు." ఖాళీ చెక్క వైపు గడ్డంతో చూపించాడు. "అదే ఆఖరు."

ఆ క్షణం నుంచి ఆ ఖాళీ చెక్క నాది కావాలని నాకు పంతం పట్టుకుంది. ఉప్సాలాలో పట్టా కోసం కూడా అంత పట్టుబట్టలేదు.

*

అసూయ అనేది ఒక ఉద్యోగమని ఆ వేసవిలో తెలుసుకున్నాను. సెలవుల్లేని ఉద్యోగం. ఫోన్ మోగితే ఇల్వా. ఎవరు ఆడతారు, ఎవరి కాలు బెణికింది, గురువారం సాధన ఎప్పుడు. అతను ఆమెతో ఎప్పుడూ నిలబడే మాట్లాడతాడని గమనించాను. నాతో అయితే సోఫాలో జారిపోయి, కళ్లు సగం మూసి. దానర్థమేమిటని తిరగేసి బోర్లేసి ఆలోచించాను. నిలబడటం గౌరవమా? జారిపోవడం ప్రేమా? రెండూ నాకే కావాలనిపించింది.

మధ్యవేసవి పండుగ రోజు జట్టంతా మైవోర్ అత్త తోటలో పొడుగు బల్లల మీద కూర్చున్నాం. ఊరబెట్టిన హెర్రింగ్ చేపలూ, సోయికూర చల్లిన కొత్త బంగాళాదుంపలూ అయ్యాక, నేను చేసిన స్ట్రాబెర్రీ కేకు తెచ్చాను. పెళ్లయిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం ఏదో ఒక స్ట్రాబెర్రీ వంటకం చేస్తూనే ఉన్నాను, హెన్నింగ్‌కి ప్రాణమని. పెద్ద ముక్క కోసి అతని పళ్లెంలో వేశాను.

ఎదురుగా కూర్చున్న ఇల్వా మామూలుగా అంది: "ఇతనికి స్ట్రాబెర్రీలు పడవు కదా. వీపంతా దద్దుర్లు లేస్తాయి."

చెంచా అతని నోటి దగ్గరే ఆగిపోయింది. మైవోర్ అత్త గబగబా ఎవరికో కాఫీ పోసింది, ఆయన కప్పు అప్పటికే నిండుగా ఉంది.

ఇంటికొచ్చి తలుపేసుకున్నాం.

"చొక్కా తియ్యి."

"తూవా..."

"తియ్యమన్నాను."

వీపంతా గులాబి మచ్చలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. రోజూ పక్కలో పడుకుంటున్న మనిషి వీపు నేను వెలుతురులో చూడలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వంత సంబరంగా చేస్తుంటే ఎలా చెప్పను?"

"ఆమెకి మాత్రం చెప్పావు."

"ఆమెకి చెప్పలేదు. ఆమె చూసింది."

మంచి మనసుతో అన్న మాట అది. చొక్కా అతని ఒళ్లో పడేశాను.

"ఎవరు ఎవరిని వదిలారు, హెన్నింగ్?"

"ఆమె వెళ్లిపోయింది. నీకు తెలుసుగా."

"అంటే నువ్వు వదల్లేదు."

"నాలుగేళ్లయింది."

"నేనడిగింది ఏళ్ల గురించి కాదు."

అతను మంచం అంచున కూర్చున్నాడు. జారిపోలేదు, నిటారుగా. "ఆమె వెళ్లకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు తూవా. వెళ్లింది. ఆ తర్వాత నువ్వొచ్చావు. ఆ రెండింట్లో ఏదీ నేను మార్చను." చెయ్యి వెనక్కి పెట్టి గోక్కుంటూ, "వీపు దురదగా ఉంది. ఆ మందు కాస్త రాయవా?" అన్నాడు.

రాశాను. ఏడుస్తూ రాశాను, నవ్వుతూ రాశాను. మధ్యవేసవి సూర్యుడు అస్తమించే రకం కాదు, కిటికీలో ఉండి అంతా చూస్తూనే ఉన్నాడు. ఆ వీపు మీద ప్రతి మచ్చనూ బట్టీ పట్టాను. ఇకనుంచి చూసేది నేనే అని.

మర్నాడే క్లబ్బు సభ్యత్వం తీసుకున్నాను. సభ్యులకి సమావేశంలో ప్రతిపాదన పెట్టే హక్కు ఉంది. ఆ చివరి నుంచి రెండో చెక్క పీకేయాలని ప్రతిపాదన పెట్టాను. అది పోతే హెన్నింగ్‌కి చెక్క లేనట్టే. చెక్క లేకపోతే, నా చెక్క ఇవ్వకుండా ఎవరాపుతారు?

*

ఆగస్టులో ఒక మ్యాచ్‌కి మా వాళ్లు పదిమందే దిగారు. రెండో సగంలో ఆకాశం బద్దలయ్యేంత వాన. ఆట ఆపేశారు. జనం కార్లలోకి పరిగెత్తారు. మైవోర్ అత్త మోకాళ్లు నొప్పులని ముందే వెళ్లిపోవడంతో కాఫీ కొట్టులో నేనొక్కదాన్నే ఉన్నాను. మిగిలిన దాల్చినచెక్క బన్నులు డబ్బాలో సర్దుతుంటే ఇల్వా తడిసి ముద్దయి లోపలికొచ్చింది.

"ఒక కాఫీ ఇస్తావా?"

పోశాను. ఆమె కప్పు చేతులతో చుట్టి పట్టుకుని, దక్షిణాన ఆడుతూ గాయపడి ఆమెను తిరిగి ఊరు చేర్చిన మోకాలిని చాపి, స్టూలు మీద కూర్చుంది. బయట వాన రేకుల పైకప్పును బాదుతోంది.

"నీ ప్రతిపాదన సంగతి విన్నాను."

"ఎవరు చెప్పారు?"

"ఈ ఊళ్లో ఒకరు చెప్పాలా? ఫోల్కె తాత సుత్తి, మేకులపట్టకారు బయటపెట్టి తుడుస్తున్నాడు."

నేను బన్నులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

"తప్పేం కాదులే," అంది. "నీ చోట ఉంటే నేనైనా అదే చేసేదాన్ని. ఎప్పుడు పీకుతారో చెప్పు చాలు. ఆ రోజు లారీ లోడు వేసుకుని ఎటైనా పోతాను." ఆమె కోతమిల్లుకి కలప లారీ నడుపుతుంది.

"ఎందుకు? ఇంకా..." బన్నుల డబ్బాకి మూత పెట్టాను. "ఇంకా అతని మీద మనసుందా?"

ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత పకపకా నవ్వింది. "హెన్నింగ్ మీదా? అమ్మా, వాడు గోలు వదిలి ముందుకు రమ్మంటే రాడు. చిన్నప్పటి నుంచి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. నీకే ఉండనీ." నవ్వు ఆగిపోయింది. కప్పుతో గోడ వైపు చూపించింది. "ఈ గోడ మీద నేనెక్కడున్నానో చెప్పు."

గోడ నిండా ఏడాదికొకటి చొప్పున జట్టు ఫోటోలు. నలుపు తెలుపు మగవాళ్లు, రంగుల మగవాళ్లు. మీసాలు, పొడుగు జుట్లు, గుండు తలలు. చివరి వరసలన్నిట్లో గోల్‌కీపర్ తొడుగులతో హెన్నింగ్.

"అమ్మాయిల జట్టు ఫోటోలేవి?"

"గోడ నిండిపోయిందన్నారు. కొత్త గోడ కడదామన్నారు. ఈలోగా అమ్మాయిల జట్టే లేకుండా పోయింది." కాఫీ తాగింది. "ఈ మైదానంలో నేను కొట్టినన్ని గోల్స్ ఇంకెవరూ కొట్టలేదు. తాతనడుగు, చెబుతాడు. అయినా ఈ క్లబ్బు మొత్తంలో నా పేరు రాసి ఉన్నది ఒక్కచోట. అదీ నీ మొగుడి పక్కన. నేనడిగి రాయించుకున్నది కూడా కాదు."

కిటికీ మీద ఎవరో తట్టారు. రిఫరీ. "సాసేజి ఏమన్నా మిగిలిందా?" ఉందన్నాను. రొట్టెలో పెట్టి ఆవాల ముద్ద రాసి ఇచ్చాను. తిరిగి చూసేసరికి ఇల్వా కప్పు కడిగి బోర్లించి, వానలోకి వెళ్లిపోతోంది.

నాకు జాలి కలగలేదు. అబద్ధమెందుకు? కొత్తరకం అసూయ కలిగింది. ఆమె అన్ని గోల్స్ కొట్టింది. నేను కొట్టింది ఒక బూటు.

*

సెప్టెంబరు చివర ప్రత్యేక సమావేశం పెట్టారు. పాఠశాల భోజనశాలలో, పిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగులుతూ ఊరంతా కూర్చుంది. అధ్యక్షుడు బిర్యెర్ చేతిలో చిన్న చెక్క సుత్తి. మొదటి అంశం నోర్‌సేలెతో కలవడం. గంటసేపు జెర్సీ రంగు మీద కొట్టుకున్నారు. మనది ఆకుపచ్చ, వాళ్లది నీలం.

"చారలు పెడదాం," అన్నాడొకడు.

"చారలంటే నీలం చారలున్న ఆకుపచ్చా, ఆకుపచ్చ చారలున్న నీలమా?" అని ఫోల్కె తాత కర్ర నేలకేసి కొట్టాడు.

చివరికి కోచ్‌గా ఇల్వా, వసంతంలో మన మైదానం, శరత్తులో వాళ్లది అని తేల్చారు. "సమ్మతమేనా?" "సమ్మతం!" సుత్తి పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫోల్కె తాత ముక్కు చీదుకున్నాడు. టాల్‌ఫోర్స్ క్లబ్బు అంతటితో అయిపోయింది. తర్వాత కాఫీ.

కాఫీ అయ్యాక రెండో అంశం. "కొత్త సభ్యురాలు తూవా ప్రతిపాదన. బల్ల మీద చెక్క గురించి." బిర్యెర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "వాయిదా వేద్దామని ఎవరైనా..."

"వద్దు," అని లేచాను. నా మొహం వేడెక్కిపోయింది. ఇల్వా వెనక వరసలో, కిటికీ పక్కన, చేతులు కట్టుకుని బయటికి చూస్తోంది. "నా ప్రతిపాదన మారుస్తున్నాను. చెక్క పీకొద్దు. దాని మీద హెన్నింగ్ పేరొక్కటే చెరిపేయండి. ఇల్వా పేరు అలాగే ఉంచండి."

బిర్యెర్ సుత్తి పక్కన పెట్టాడు.

"అది పెళ్లికూతుళ్ల బల్ల కదమ్మా," అన్నాడు బిర్యెర్ మెల్లగా. "ఒక్కత్తే ఉంటే ఎవరిని పెళ్లాడినట్టు?"

"దాని గోల్స్‌ని!" అని వెనకనుంచి మైవోర్ అత్త అరిచింది. కొందరు నవ్వారు.

ఫోల్కె తాత లేచి నిలబడ్డాడు. "రూలేమంది? ఒక మనిషికి ఒక చెక్క అంది. ఇల్వా మనిషి కాదా?"

బిర్యెర్ హెన్నింగ్ వైపు తిరిగాడు. "ఒరేయ్, చెరిపేది నీ పేరు. నువ్వేమంటావ్?"

హెన్నింగ్ పిల్లల కుర్చీలోంచి లేచాడు. నిలబడి, నా వైపు తిరిగి మాట్లాడాడు. "ఇంకోచోట రాస్తారుగా."

అతను నాతో నిలబడి మాట్లాడటం నాకు తెలిసి అదే మొదటిసారి.

"సమ్మతమేనా?" "సమ్మతం!" అన్నారు. అందరూ అయిపోయాక ఇల్వా, ఎవరూ అడగకపోయినా, చెయ్యి ఒక్కటి పైకెత్తి దించింది. కళ్లు మాత్రం కిటికీలోంచి తిప్పలేదు. సుత్తి పడింది.

ఆ వారం ఎండ కాసింది. ఫోల్కె తాత రెండు డబ్బాలు తెచ్చుకుని బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆకుపచ్చతో హెన్నింగ్‌ని చెరిపాడు. తెల్లరంగుతో ఆఖరి చెక్క మీద హెన్నింగ్, తూవా అని రాశాడు. నా పేరు కొంచెం వంకరగా వచ్చింది. ముసలి చెయ్యి. పోనీ అనుకున్నాను. ముద్దుగానే ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని, నన్నడక్కుండానే పేరు పక్కన చిన్న తెల్ల బూటు కూడా గీశాడు. దుప్పటి మడిచి మైవోర్ అత్తకి ఇచ్చేశాను.

*

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. నీలం చారలున్న ఆకుపచ్చ జెర్సీలొచ్చాయి. లేదా ఆకుపచ్చ చారలున్న నీలం, ఎవరినడుగుతామన్నదాన్ని బట్టి. మైదానంలో మంచు కరగ్గానే హెన్నింగ్ చెయ్యి పట్టుకుని వెళ్లాను. గేటు దగ్గర ఈసారి నేనే వదిలాను, పోయి నీ గుర్రాన్ని పలకరించు పో అని.

సాయంత్రపు ఎండ బల్ల మీద ఏటవాలుగా పడుతోంది. నా చెక్క చూసుకున్నాను. పక్కది చూశాను. చలికాలానికి పై పూత పలచబడింది. ఇల్వా పక్కన, ఆకుపచ్చ కిందనుంచి, మసగ్గా, నీళ్లలో మునిగిన మనిషిలా, హెన్నింగ్.

"తాతా! ఇది ఇంకో పూత వెయ్యవా?"

ఫోల్కె తాత వచ్చి, వంగి, ముక్కు ఆనేలా చూశాడు. "వెయ్యడానికేముంది. కానీ చెరపమని తీర్మానించారు, చెరిపాను. రెండో పూత మాట అందులో లేదు. నవంబరులో అడుగు."

"నవంబరులో వాయిదా వేస్తారు తాతా!"

"వేస్తారు," అన్నాడు తృప్తిగా.

అందుకని మ్యాచ్ రోజుల్లో నేను నా చెక్క దగ్గర కూర్చోను. ఒకటి ఇవతల, ఇల్వా చెక్క దగ్గర కూర్చుంటాను. నా వీపు సరిగ్గా మసగ్గా తేలిన అతని పేరుకి ఆనుతుంది. ఇల్వా పేరు పక్కన బాగా కనబడుతుంది.